నింద మోసిన ప్రాణదాత హాఫ్కిన్
ప్లేగు టీకా సృష్టికర్తపై విచారణ: పందొమ్మిది మరణాలు, నాలుగేళ్ళ వివాదం

ముంబయి: కలరాకు, ప్లేగుకు టీకాలు రూపొందించి, వాటిని మొదట తన శరీరంలోనే ఎక్కించుకుని పరీక్షించిన శాస్త్రవేత్త వాల్డెమార్ హాఫ్కిన్. ఆయన టీకాతో భారతదేశంలో లక్షలాది మంది ప్లేగు నుంచి రక్షణ పొందారు. అదే శాస్త్రవేత్తను ఒక మారుమూల గ్రామంలో సంభవించిన 19 మరణాలకు బాధ్యునిగా భావించి ఆనాటి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం సుమారు నాలుగేళ్ళ పాటు పదవికి దూరం చేసింది. టీకాల విషయంలో పాలకుల తొందరకు, ప్రయోగశాల నియమాలకు మధ్య ఘర్షణ తలెత్తినపుడల్లా ఆయన ఉదంతం ప్రస్తావనకు వస్తూనే ఉంది.

హాఫ్కిన్ 1860 మార్చి 15న రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సా నగరంలో యూదు కుటుంబంలో జన్మించారు. ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ప్రముఖ జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ వద్ద శిష్యరికం చేశారు. విద్యార్థి దశలో విప్లవ బృందాలతో సంబంధాలున్నాయన్న అనుమానంతో పోలీసులు ఆయనపై నిఘా ఉంచారు. 1881లో యూదులపై దాడులు జరిగినపుడు ఆత్మరక్షణ దళంలో చేరి గాయపడి అరెస్టయ్యారు. మెచ్నికోవ్ జోక్యంతో విడుదలయ్యారు. మతం మార్చుకుని ఉంటే విశ్వవిద్యాలయంలో ఉద్యోగం లభించి ఉండేది. అందుకు ఆయన అంగీకరించలేదు. ఫలితంగా కొంతకాలం ఒడెస్సా జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో పనిచేసి, 1888లో స్వదేశం వీడి జెనీవా చేరుకున్నారు.

మరుసటి ఏడాది పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఆయనకు చోటు దొరికింది. అక్కడ అప్పుడు ఖాళీగా ఉన్నది గ్రంథాలయంలోని చిన్న ఉద్యోగం ఒక్కటే. పగలు పుస్తకాలు చూసుకుంటూ, మిగిలిన వేళల్లో సూక్ష్మజీవులపై పరిశోధనలు సాగించారు. కలరా క్రిములను గినీపందుల శరీరంలో వరుసగా 39 సార్లు పెంచి తీవ్రతను హెచ్చించడం, మరొక రకం క్రిములను వేడిగాలితో బలహీనపరచడం ఆయన అనుసరించిన విధానం. ముందు బలహీన క్రిములను, కొన్ని రోజుల తర్వాత తీవ్ర క్రిములను ఇంజెక్షను ద్వారా ఎక్కించేవారు. 1892 జులై 18న తొలి మోతాదును తానే తీసుకున్నారు. జ్వరం వచ్చి తగ్గింది. ఆ నెలాఖరుకు తన ఫలితాలను పారిస్ శాస్త్రవేత్తల సభకు నివేదించారు.

టీకా పనిచేస్తుందా లేదా అన్నది తేలాలంటే కలరా నిత్యం ఉండే ప్రాంతంలో పరీక్షించడం అవసరమయింది. పారిస్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న మాజీ వైస్రాయి లార్డ్ డఫరిన్ ఆయనకు భారతదేశాన్ని సూచించారు.

కలకత్తా బస్తీలలో

1893 మార్చిలో హాఫ్కిన్ కలకత్తా చేరుకున్నారు. ఆయన వైద్యుడు కారు, జంతుశాస్త్ర పట్టభద్రుడు. రష్యా నుంచి వచ్చిన వ్యక్తి కావడంతో గూఢచారి అన్న అనుమానం కూడా కొందరు అధికారులలో ఉండేది. రష్యా, బ్రిటన్‌ల మధ్య మధ్య ఆసియా విషయంలో పోటీ తీవ్రంగా ఉన్న రోజులవి. సైనిక వైద్య విభాగపు పెద్దలకు ఒక వైద్యేతరుడు టీకా వేయడం రుచించలేదు. అయినా ఉత్తర భారతంలోని సైనిక శిబిరాలలో, జైళ్ళలో, అస్సాం తేయాకు తోటలలో పర్యటించి రెండేళ్ళ కాలంలో 40 వేల మందికి పైగా టీకాలు వేశారు.

1894 మార్చిలో కలకత్తాలోని కట్టల్ బగాన్ బస్తీలో కలరా పొడసూపింది. దాదాపు 200 మంది ఉన్న ఆ బస్తీలో 116 మంది టీకా వేయించుకున్నారు. ఆ తర్వాత అక్కడ వ్యాధి సోకినవారంతా టీకా వేయించుకోని వారే. ఇక్కడి ప్రజల నమ్మకం పొందడంలో చౌధురి, ఘోష్, ఛటర్జీ, దత్ అనే నలుగురు భారతీయ వైద్యులు ఆయనకు తోడ్పడ్డారు. జనం చూస్తుండగా తాము టీకా వేయించుకుని, ఆ తర్వాతే ఇతరులకు వేయడం వారు పాటించిన పద్ధతి. ఒకే ఇంట్లో, ఒకే చెరువు నీరు తాగేవారిలో కొందరికి టీకా వేసి, కొందరిని వదిలి, ఫలితాలను పోల్చి చూడాలని హాఫ్కిన్ పట్టుబట్టేవారు. టీకా విలువను అంకెలతో తేల్చే ఈ పద్ధతి ఆనాటికి కొత్తది.

బొంబాయిలో మహమ్మారి

1896 సెప్టెంబరులో బొంబాయిలోని మాండ్వీ ప్రాంతంలో ప్లేగు ప్రబలిన విషయాన్ని అకాసియో వియెగాస్ అనే వైద్యుడు మొదట గుర్తించారు. నగరం నుంచి లక్షలాది మంది వలస వెళ్ళారు. ప్రభుత్వం అక్టోబరులో హాఫ్కిన్‌ను బొంబాయికి పంపింది. గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక గది, ఒక వసారా ఇచ్చారు. సిబ్బంది ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. ఆ వసతులతోనే ఆయన మూడు నెలలలో ప్లేగు టీకా తయారుచేశారు. మాంసపు రసంలో నేతి బొట్లు వేసి, వాటి అడుగున క్రిములు ఊడల వలె వేలాడుతూ పెరిగేటట్లు చేసి, పిమ్మట వేడితో చంపి టీకాగా మలిచారు. హిందువులకు, ముస్లింలకు అభ్యంతరం లేకుండా మేక మాంసాన్నే ఉపయోగించారు.

1897 జనవరి 10న ఆయన సాధారణ మోతాదుకు మించిన టీకాను తన శరీరంలోకి ఎక్కించుకున్నారు. అదే నెలాఖరుకు బైకుల్లా జైలులో ప్లేగు తలెత్తింది. ఖైదీలలో సుమారు సగం మంది స్వచ్ఛందంగా ముందుకు వచ్చి టీకా వేయించుకున్నారు. టీకా లేని వారిలో 12 మందికి వ్యాధి సోకి ఆరుగురు మరణించగా, టీకా పొందినవారిలో ఇద్దరికి మాత్రమే సోకింది. వారిరువురూ బతికారు. పోర్చుగీసు పాలనలోని డామన్‌లో టీకా వేయించుకోని 6,033 మందిలో 1,482 మంది మరణించగా, వేయించుకున్న 2,197 మందిలో మృతులు 36 మంది. 1898లో బరోడా సమీపంలోని ఉంధేరా గ్రామంలో ఒకే కుటుంబాలకు చెందిన వారిని రెండుగా విభజించి చూసినపుడు, టీకా పొందిన 71 మందిలో ముగ్గురు, పొందని 64 మందిలో 26 మంది మృత్యువాత పడ్డారు.

అయితే ప్లేగు నివారణలో ప్రభుత్వం ప్రధానంగా ఆధారపడింది బలప్రయోగం పైన. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. ఇళ్ళలోకి చొరబడి సోదాలు, రోగులను బలవంతంగా తరలించడం, సామగ్రి తగులబెట్టడం మొదలైన చర్యలు ప్రజలలో ఆగ్రహాన్ని రగిల్చాయి. పుణేలో సైనికుల చర్యలకు ప్రతీకారంగా 1897 జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. టీకాను మాత్రం నిర్బంధం చేయలేదు. అయినా 1898లో కలకత్తాలో టీకాపై పుకార్లు వ్యాపించి అల్లర్లు జరిగాయి. బొంబాయిలో ఖోజా ముస్లింల గురువు ఆగాఖాన్ ముందుకు వచ్చి, తాను టీకా వేయించుకుని, తన అనుయాయులలో వేలాది మందికి వేయించి, ప్రయోగశాలకు తన భవనాన్ని సమకూర్చారు. 1899 ఆగస్టు 10న పరేల్‌లోని పాత గవర్నరు భవనంలో ప్లేగు పరిశోధనాలయం ప్రారంభమయింది. హాఫ్కిన్ దానికి అధిపతి అయ్యారు.

ఇదే కాలంలో ఫ్రేజర్ అధ్యక్షతన నియమితమైన ప్లేగు కమిషన్ టీకా వల్ల వ్యాధి, మరణాలు తగ్గుతున్నాయని అంగీకరించింది. మోతాదును కచ్చితంగా కొలిచే పద్ధతి సరిగా లేదని ఆక్షేపించింది. ఆ ఆక్షేపణ తర్వాత కాలంలో ఆయన ప్రత్యర్థులకు ఆయుధమయింది.

ముల్కోవాల్ దుర్ఘటన

1902లో పంజాబు ప్రభుత్వం ప్లేగుపై భారీ ఎత్తున టీకా కార్యక్రమం తలపెట్టింది. పరేల్ ప్రయోగశాల నుంచి అంతకు ముందెన్నడూ లేనంత పరిమాణంలో టీకా కావలసి వచ్చింది. పాత పద్ధతిలో ఒక్కో విడత తయారీకి వారాలు పట్టేది. ఉత్పత్తిని వేగవంతం చేయడానికి హాఫ్కిన్ కొత్త పద్ధతి ప్రవేశపెట్టారు. అందులో క్రిములను వేడితోనే చంపి, రక్షణగా కలిపే కార్బాలిక్ ఆమ్లాన్ని విడిచిపెట్టారు. ఇతర ప్రయోగశాలలలోనూ అటువంటి పద్ధతి ఉందన్నది ఆయన వాదన.

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకాలు వేశారు. ఆ గ్రామం ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. వారం గడిచేసరికి 19 మందికి ధనుర్వాతం లక్షణాలు కనిపించాయి. ఆ 19 మందీ మరణించారు. అందరూ ఒకే సీసా నుంచి టీకా పొందినవారే. ఆ రోజు ఇతర సీసాల నుంచి వేయించుకున్న 88 మందికి ఎట్టి హానీ కలగలేదు. ఆ సీసాను 41 రోజుల క్రితం పరేల్‌లో నింపారు.

ధనుర్వాతపు క్రిములు మట్టిలో ఉంటాయి. గాలి సోకని చోట వృద్ధి చెందుతాయి. కాబట్టి అవి పరేల్‌లోనే సీసాలో చేరాయా, ముల్కోవాల్‌లో సీసా మూత తీసినపుడు చేరాయా అన్నదే అసలు ప్రశ్న. దీనిని తేల్చేందుకు ప్రభుత్వం బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్స్ జెంకిన్స్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. ఇద్దరు వైద్యాధికారులు సభ్యులుగా ఉన్నారు. సీసా తెరవడానికి ముందే కాలుష్యం జరిగిందని, కార్బాలిక్ ఆమ్లాన్ని విడిచిపెట్టడం తీవ్రమైన పొరపాటని సంఘం నిర్ణయించింది. హాఫ్కిన్‌ను పదవి నుంచి తప్పించి, జీతం లేని సెలవుపై పంపారు. ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయారు. పరేల్ బాధ్యతలు సైనిక వైద్యాధికారి బానర్‌మన్‌కు దక్కాయి.

విచారణలో బయటపడిన ఒక విషయానికి సంఘం తగిన ప్రాధాన్యమివ్వలేదు. ఆ సీసా తెరిచే సమయంలో సహాయకుని చేతిలోని పటకారు నేలపై పడింది. దానిని నియమం ప్రకారం మంటలో కాల్చి శుద్ధి చేయకుండా, మందు నీటిలో ముంచి అదే పటకారుతో బిరడా లాగారు. పరేల్ ప్రయోగశాల నిర్దేశించిన శుద్ధి విధానాన్ని పంజాబు ప్లేగు అధికారులు అంతకు ముందే సడలించి ఉన్నారు. సూది వేసే వేగం పెంచడం కోసం అక్కడ నియమం సడలగా, ఉత్పత్తి వేగం పెంచడం కోసం ఇక్కడ పద్ధతి మారింది. వేగం కోరిన ప్రభుత్వ నిర్ణయంపై మాత్రం విచారణ జరగలేదు.

అదే సంవత్సరం అమెరికాలో ఇటువంటి దుర్ఘటన పర్యవసానమే వేరుగా ఉంది. 1901లో సెయింట్ లూయీ నగరంలో ధనుర్వాతం సోకిన గుర్రపు రక్తం నుంచి తయారైన డిఫ్తీరియా మందు వల్ల 13 మంది పిల్లలు మరణించారు. దరిమిలా టీకాలు, సీరంలు తయారుచేసే సంస్థలకు లైసెన్సులు, తనిఖీలు తప్పనిసరి చేస్తూ 1902 జులైలో అక్కడ చట్టం వచ్చింది. భారతదేశంలో మందుల నాణ్యతపై చట్టం రావడానికి 1940 దాకా వేచి ఉండవలసి వచ్చింది. టీకాను పరీక్షించి, విడుదలకు అనుమతించే స్వతంత్ర వ్యవస్థ ముల్కోవాల్ నాటికి లేదు. తయారీదారు, పరీక్షకుడు, సంజాయిషీ చెప్పుకోవలసినవాడు అన్నీ హాఫ్కినే అయ్యారు.

శాస్త్రవేత్తల పోరాటం

విచారణ పత్రాలు ఏళ్ళ తరబడి వెలుగు చూడలేదు. లండన్‌లోని లిస్టర్ సంస్థ అభిప్రాయం కూడా ప్రభుత్వం తీసుకుంది. 1906 చివరలో మాత్రమే పత్రాలు అధికార గెజెట్‌లో ప్రచురితమయ్యాయి. సాక్ష్యాలు బయటికి రావడంతో శాస్త్రలోకం కదిలింది. సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొని, 1902లో నోబెల్ బహుమతి పొందిన సర్ రోనాల్డ్ రాస్ హాఫ్కిన్ పక్షాన రంగంలోకి దిగారు. 1907 మార్చి నుంచి లండన్ పత్రికలలో లేఖలు రాసి, నిర్దోషిని బలిచేస్తే టీకాపై ప్రజలకు నమ్మకం పోతుందని ప్రభుత్వాన్ని హెచ్చరించారు. కలకత్తా మాజీ ఆరోగ్యాధికారి సింప్సన్ మొదటి నుంచీ హాఫ్కిన్‌కు అండగా నిలిచారు.

1907 జులై 29న టైమ్స్ పత్రికలో ప్రముఖ సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు పదిమంది సంతకాలతో లేఖ వెలువడింది. వారి తర్కం సూటిగా ఉంది. క్రిములు 41 రోజులు సీసాలో పెరిగి ఉంటే మూత తీసినపుడు దుర్వాసన వచ్చి తీరాలి. తెరిచిన వైద్యుడు వాసన చూసినా అటువంటిది కనిపించలేదు. అన్ని రోజులుగా విషం పేరుకుని ఉంటే రోగులలో లక్షణాలు త్వరగా బయటపడేవి. వారం రోజుల వ్యవధి, అప్పుడే చేరిన క్రిములను సూచిస్తోంది. నేలపై పడిన పటకారు కళ్ళెదుట ఉండగా ప్రయోగశాలను తప్పుపట్టడానికి ఆధారం లేదని వారు తేల్చారు. బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్నలు తలెత్తాయి. భారత వ్యవహారాల మంత్రిగా జాన్ మోర్లే ఉన్న సమయమది. చివరకు 1907 నవంబరులో హాఫ్కిన్‌కు ఆరోపణ నుంచి విముక్తి కలిగించి, తిరిగి ఉద్యోగంలోకి ఆహ్వానించారు. ఫ్రాన్సులో ఒక యూదు సైనికాధికారిపై అన్యాయంగా మోపిన డ్రైఫస్ కేసుతో ఈ ఉదంతాన్ని పరిశీలకులు పోల్చారు.

ఈ వివాదానికి మూల్యం చెల్లించింది ప్రజలే. ముల్కోవాల్ వార్త వ్యాపించడంతో పంజాబులో టీకా పేరు చెబితేనే గ్రామస్థులు భయపడ్డారు. అధికారులు కూడా వెనుకంజ వేశారు. హాఫ్కిన్‌కు విముక్తి లభించిన 1907లోనే ఒక్క పంజాబులో ఆరు లక్షల మందికి పైగా ప్లేగుకు బలయ్యారు.

తిరిగి వచ్చినా

హాఫ్కిన్ భారతదేశానికి తిరిగి వచ్చారు. పరేల్ ఆయనకు దక్కలేదు. కలకత్తాలో జీవశాస్త్ర ప్రయోగశాల అధిపతిగా నియమించారు. అక్కడ టీకా ఉత్పత్తికి వసతులు లేవు. మనుషులపై టీకా పరీక్షలు జరిపే స్వేచ్ఛ లేదు. చంపిన క్రిములతో మెరుగైన కలరా టీకాను పరీక్షించాలన్న ఆయన ప్రతిపాదన ముందుకు సాగలేదు. నింద తొలగినా నమ్మకం తిరిగి రాలేదు. సుమారు ఏడేళ్ళ పాటు కాగితాలకే పరిమితమైన పరిశోధనలతో గడిపి, 55 ఏళ్ళ వయసు ప్రాంతంలో పదవీ విరమణ చేసి యూరప్ వెళ్ళిపోయారు.

శేష జీవితాన్ని ఆయన మత చింతనలో, తూర్పు యూరప్ యూదుల విద్యాభివృద్ధికై కృషిలో గడిపారు. వివాహం చేసుకోలేదు. తాను కూడబెట్టిన ధనంతో 1929లో యూదు విద్యాసంస్థల సహాయార్థం నిధిని నెలకొల్పారు. స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో 1930 అక్టోబరు 26న, 70 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

అంతకు ఐదేళ్ళ ముందు, 1925లో, పరేల్ ప్రయోగశాలకు హాఫ్కిన్ సంస్థ అని పేరు పెట్టారు. అప్పటి సంచాలకుడు మాకీ ఇందుకు చొరవ తీసుకున్నారు. తన జీవితంలోని ఉత్తమ సంవత్సరాలు బొంబాయిలోనే గడిచాయని హాఫ్కిన్ ఆ సందర్భంలో కృతజ్ఞతతో జవాబు రాశారు. 1897 నుంచి 1925 వరకు పరేల్ నుంచి 2 కోట్ల 60 లక్షల మోతాదుల ప్లేగు టీకా వెలువడిందని అంచనా. 1964లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ళను విడుదల చేసింది.

యాంటీబయాటిక్ మందులు వచ్చిన తర్వాత ప్లేగు నివారణలో టీకా ప్రాముఖ్యం తగ్గింది. 1994లో సూరత్‌లో ప్లేగు కలవరం రేగినపుడు ప్రజలు వెదకినది టెట్రాసైక్లిన్ బిళ్ళల కోసం. కాని హాఫ్కిన్ ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం పాతబడలేదు. 2020 జులైలో కోవిడ్ టీకాను ఆగస్టు 15 నాటికి సిద్ధం చేయాలన్న భావంతో భారత వైద్య పరిశోధన మండలి అధిపతి లేఖ రాసినపుడు, ఆ గడువు ఆచరణసాధ్యం కాదని భారత విజ్ఞానశాస్త్ర అకాడమీ బహిరంగంగా అభ్యంతరం తెలిపింది. గడువు వెనక్కు పోయింది. హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ తయారీ కోవాగ్జిన్‌కు మూడవ దశ ఫలితాలు రాకముందే 2021 జనవరి 3న అత్యవసర అనుమతి లభించడంపైనా శాస్త్రవేత్తలలో చర్చ జరిగింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో అదే టీకాను తయారుచేయడానికి కేంద్రం అనుమతించిన సంస్థలలో, పరేల్‌లో హాఫ్కిన్ పేరుతో నడుస్తున్న మహారాష్ట్ర ప్రభుత్వ ఔషధ సంస్థ ఒకటి.

1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని కూడా 2020లో తిరిగి ప్రయోగించారు. అయితే హాఫ్కిన్ కాలానికి, ఇప్పటికి ఒక తేడా ఉంది. టీకా సీసా గ్రామానికి చేరే ముందు దానిని పరీక్షించి, అవసరమైతే నిలిపివేసే అధికారం ఇప్పుడు చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలకు ఉంది. 1902లో పరేల్ నుంచి బయలుదేరిన సీసాకు, ముల్కోవాల్‌లో నేలపై పడిన పటకారుకు మధ్య అటువంటి కాపలా ఏదీ లేదు.